ఒకే చెవి ఉన్న ఇద్దరం

నేను ఇరవై ఏడేళ్ళపాటు ఒకే మనిషి రాసింది చదివి బతికాను. ఆయన నేను పుట్టడానికి చాలా ముందే పోయిన అమెరికా రచయిత. ఆ దేశంలో బళ్ళో పిల్లలు కూడా ఆయన్ని చదువుతారు. పేరుతో ఇక్కడ పని లేదు. ఆఫీసులో తెలుగువాళ్ళం ఆయన్ని తాతగారు అనేవాళ్ళం. మా అధికారి మిసెస్ చియా ‘ఓల్డ్ మ్యాన్’ అనేది. ఇన్నేళ్ళు చదివారు కదా, ఆయన పుస్తకాల్లో మీకు బాగా నచ్చింది ఏదని అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే నాకు కథలు గుర్తులేవు. కామాలు గుర్తున్నాయి.

పోయిన నెల ఒక ఆదివారం ఇక్కడ సింగపూర్ లిటిల్ ఇండియాలో గోంగూర కట్టలు ఏరుకుంటుంటే హర్షిత కనిపించింది. నేను పనిచేసి మానేసిన ఆఫీసులోనే ఈమధ్య చేరిన కరీంనగర్ అమ్మాయి.

“ఆంటీ, మీరు చేసిన పని గురించి జర రాసియ్యరా? మాకు సాఫ్ట్‌వేర్ ఎట్ల నొక్కాల్నో చెప్తున్నరు గానీ, అసలు ఎందుకు చేస్తున్నమో ఎవ్వరూ చెప్తలేరు” అంది.

సరేనన్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగిందో, వీడ్కోలు రోజున ఎవరు ఏం మాట్లాడారో ఇందులో ఉండవు. అవి ఎవరికీ అక్కర్లేదు. నాకూ ఓపిక లేదు.

ఇద్దరు కూర్చుని చదవడం

రచయిత చేత్తో రాస్తాడు. అచ్చు కూర్చేవాడు ఆ రాత అర్థం కానిచోట తనకి తోచింది పెడతాడు. తరవాతి అచ్చులో ఇంకొకడు దాన్ని దిద్దుతానని ఇంకాస్త చెడగొడతాడు. వందేళ్ళు గడిచేసరికి రచయిత రాసినదీ మనం చదివేదీ వేరైపోతాయి. అందుకని అమెరికాలో ఒక ప్రొఫెసరూ ఆయన శిష్యులూ తాతగారి పుస్తకాలన్నీ సంపుటాలుగా, శాస్త్రీయంగా, ప్రతి తేడాకీ వివరణతో తేవాలని పూనుకున్నారు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న నిర్ణయం వాళ్ళది. చదివే చాకిరీ సింగపూర్‌లో మాది.

ఆ చాకిరీ ఎలా ఉండేదంటే, ఒక బల్లకి ఇద్దరం. ఒకరి ముందు తాతగారి చేతిరాతకి టైపు చేసిన నకలు, పక్కన ఆ చేతిరాత ఫోటోలు. ఆమె పైకి చదవాలి. రెండో ఆమె ముందు మొట్టమొదటి అచ్చు పుస్తకం. ఆమె లైను కింద స్కేలు పెట్టుకుని, వింటూ చూడాలి. మాటలు ఒక్కటే చదివితే సరిపోదు. కామా ఉంటే కామా అనాలి, పెద్దక్షరం ఉంటే క్యాపిటల్ అనాలి. వాక్యం అయితే ఫుల్‌స్టాప్ అనాలి, పేరా మారితే పేరా అనాలి. విన్నదానికీ చూసినదానికీ తేడా వస్తే ఒక చీటీ రాసి పెట్టాలి. ప్రొఫెసర్‌కి అచ్చు పుస్తకమే ఆధారం. మా చీటీ ఉన్నచోట ఆగి ఆలోచిస్తాడు. చీటీ లేకపోతే అక్కడ తేడా ఉందని ఆయనకి తెలిసే దారి లేదు.

పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నానికి గొంతు బొంగురు పోయేది. ఇంటికెళ్ళి మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఎప్పుడో పోయినాయన కామా పెట్టాడో లేదో నీకెందుకు, కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకు అని మా ఆయన వేళాకోళం చేసేవారు. ఆయన షిప్‌యార్డులో ఇనుముతో పనిచేసేవారు. మా కామాలు ఆయనకి దుమ్ములా కనిపించడంలో తప్పు లేదు.

ఈగ పెట్టిన కామా

కొత్తలో నేను ఒక కామా కనిపెట్టాను. చేతిరాత ఫోటోలో స్పష్టంగా ఉంది, టైపు చేసినవాళ్ళు వదిలేశారు, అచ్చులోనూ లేదు. గొప్పగా చీటీ రాశాను. ప్రొఫెసర్ ఆ కామా మీద చాలా రోజులు ఆలోచించాడట. చివరికి అసలు కాగితం ఉన్న లైబ్రరీకి వెళ్ళి చూస్తే అది ఈగ రెట్ట.

ఆఫీసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మిసెస్ చియా మాత్రం నవ్వలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో, “ఉన్నదానికంటే ఎక్కువ చూస్తే పర్లేదు లా. ప్రొఫెసర్ వెళ్ళి చెక్ చేస్తాడు. లేదు అని వదిలేస్తే ఎవరు చెక్ చేస్తారు?” అని వెళ్ళిపోయింది. ఈ పనిలో నేను విన్న పాఠాల్లో అదొక్కటే గుర్తుపెట్టుకున్నా సరిపోయేది. గుర్తుంది. అవసరమైనప్పుడు మాత్రం పనికి రాలేదు.

మిసెస్ చియా నియమం

ఆవిడ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. చూపు చురుకు, నోరు పొదుపు. మధ్యాహ్నం కింద హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి దుకాణాల చావడిలో, టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపుకుని ఒక్కతే తినేది. ఆవిడ దగ్గర రాతలో లేని నియమం ఒకటుండేది. ఒకే ఇంటి భాషవాళ్ళని ఒకే బల్ల దగ్గర కూర్చోనిచ్చేది కాదు. చైనీస్ అమ్మాయికి తమిళ అమ్మాయి, మలయ్ అమ్మాయికి తెలుగామె. “సేమ్ సేమ్ కెనాట్ సిట్ టుగెదర్” అనేది. ఎందుకో చెప్పేది కాదు. కలిస్తే కబుర్లు చెప్పుకుంటామని భయం కాబోలని మేం అనుకునేవాళ్ళం.

నా జోడీ సల్మా. మలయ్ ఆమె, నాకంటే పెద్దది. నేను చదువుతుంటే రోజుకి పదిసార్లు చెయ్యెత్తి ఆపేది.

“సుగుణా, వి ఆర్ డబుల్యూ?”

ఇంగ్లీషులో ‘వి’ అక్షరం ఒక శబ్దం, ‘డబుల్యూ’ ఇంకొక శబ్దం. పై పళ్ళు కింది పెదవికి తగిలిస్తే మొదటిది, పెదవులు గుండ్రంగా చుడితే రెండోది. మనకి రెండూ ‘వ’. ఇది రాస్తున్న లిపిలో కూడా రెండిటికీ ఒకటే అక్షరం. కాకినాడ కాలేజీలో నాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి వచ్చినదాన్ని. నన్ను పట్టుకుని ఈమె ఉచ్చారణ దిద్దుతోందని ఒళ్ళు మండేది. ఆమె చదివేటప్పుడు మాటల చివర ‘టి’, ‘డి’ మింగేసేది. నేనూ కసికొద్దీ ఆపేదాన్ని. ఇద్దరం ఒకరినొకరు ఆపుకుంటూ, విసుక్కుంటూ, రోజుకి కొన్ని పేజీలే చదవగలిగేవాళ్ళం. ఆ విసుగే మా పని అని అప్పుడు నాకు తెలియలేదు.

పద్మ

అప్పుడు పద్మ చేరింది. రాజమండ్రి అమ్మాయి. భర్తతో తెగతెంపులై, కూతురు సింధుని తీసుకుని వచ్చి, బూన్ లేలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుంది. నాకు అప్పటికే ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. ఆమెకి ఉద్యోగం ఉంటేనే వీసా.

అంత మంచి కన్ను నేను ఇంకెవరిలోనూ చూడలేదు. పేజీ తిప్పగానే తప్పు ఎక్కడుందో దాన్నే ముందు చూసేది. సాయంత్రం పని ఆపేటప్పుడు మామూలుగా అందరూ బై అంటారు. ఆమె సంచీ భుజాన వేసుకుని, చదివే గొంతుతో “ఫుల్‌స్టాప్, పేరా” అనేది. ఈ రోజుకి వాక్యం అయింది, రేపు మళ్ళీ మొదలు అని దాని అర్థం. ఆమె అలా అనకపోతే నాకు రోజు పూర్తయినట్టు ఉండేది కాదు.

నాకు ఆమెతో కూర్చోవాలని ఆశ పుట్టింది. మిసెస్ చియా గదికి రెండు మూడుసార్లు వెళ్ళి అడిగాను. కుదరదంది. ఒకసారి కోపం ఆపుకోలేక, “మా ఉచ్చారణ తక్కువనేనా మీ ఉద్దేశం? ఇద్దరం ఇంగ్లీషు ఎమ్మేలమే” అన్నాను. ఒక పెద్ద సంపుటం గడువు దగ్గర పడుతోంది, మా జోడీ వేగంగా చదువుతుందని నేను మాట ఇచ్చాను. చివరికి ఆవిడ ఒప్పుకుంది.

ఆ అయిదు నెలలు నా ఉద్యోగంలోకల్లా హాయిగా గడిచాయి. పద్మ చదువుతుంటే సంగీతంలా సాగేది. ఆపడం లేదు, అడగడం లేదు, చెయ్యెత్తడం లేదు. నియమం ప్రకారం ఒక జోడీ చదివింది ఇంకో జోడీ రెండోసారి చదవాలి. టైము లేదు. “మేమిద్దరం చదివాక మళ్ళీ ఇంకొకరు ఎందుకు?” అని మిసెస్ చియాతో అన్నది నేనే. ఆవిడ గడువు కాగితం చూసుకుని, సరే అంది.

హర్షితా, నిన్ను ఎవరూ ఆపకుండా పని నున్నగా జారిపోతుంటే అక్కడే కూర్చుని భయపడు. ఇంతకంటే సలహా నా దగ్గర లేదు.

వెయిల్

సంపుటం అచ్చయిన రెండేళ్ళకి ప్రొఫెసర్ దగ్గరనుంచి మెయిలు వచ్చింది. ఎవరో విద్యార్థి లైబ్రరీలో చేతిరాత చూస్తూ ఒక మాట దగ్గర ఆగాడట. కథలో ఓడ రేవు వదిలి వెళ్తుంది. ఒడ్డున ఒక తల్లి నిలబడి ఉంటుంది. అప్పుడు నీళ్ళ మీదుగా ఒక పొడుగాటి ‘వెయిల్’ వచ్చిందని ఉంటుంది. అచ్చు పుస్తకంలో ఆ మాట ‘వి’ తో ఉంది. అంటే ముసుగు. పొగమంచు ముసుగులా కమ్మిందని అందరూ అర్థం చేసుకున్నారు. మా ప్రొఫెసర్ పీఠికలో ఆ పొగమంచు మీద రెండు పేజీలు రాశాడు. తాతగారు చేత్తో రాసింది ‘డబుల్యూ’ తో. అంటే ఏడుపు. ఆ తల్లి ఏడ్చింది. వందేళ్ళకి పైగా ఆమె ఏడుపు ఎవరికీ వినపడలేదు. వినిపించడానికే మమ్మల్ని కూర్చోబెట్టారు. మేమూ వినలేదు.

ఆ పేజీకి చీటీ లేదు. రిజిస్టర్‌లో చదివింది పద్మ, చూసింది నేను.

మిసెస్ చియా నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. మెయిల్లోని ఆ రెండు మాటలూ పైకి చదివింది. ఆవిడ నోట్లో అవి రెండు వేరు మాటలు. ఒకదానికి పళ్ళు పెదవికి తగిలాయి, రెండోదానికి పెదవులు ముడుచుకున్నాయి. నాకు అక్కడే, నిలబడ్డచోటే, జరిగింది మొత్తం అర్థమైంది. సల్మా అన్నేళ్ళు చెయ్యెందుకు ఎత్తిందో అర్థమైంది. మిసెస్ చియా నియమమూ అర్థమైంది. పద్మ డబుల్యూనే చూసింది, డబుల్యూనే చదివింది. అది తెలుగు నోట్లోంచి వచ్చి తెలుగు చెవిలో పడింది. నా కళ్ళ ముందు ‘వి’ ఉంది. అంతా సరిపోయింది.

“షీ రీడ్ రాంగ్, ఆర్ యూ లుక్ రాంగ్?” అని అడిగింది.

ఇద్దరిలో ఎవరమూ తప్పు చెయ్యలేదని, మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టడమే తప్పని, అది నేను పట్టుబట్టి చేయించుకున్నానని చెప్పాలి. రెండో చదువు వద్దన్నది కూడా నేనేనని చెప్పాలి.

“నాకు వెయిల్ అనే వినిపించింది. పుస్తకంలోనూ అదే ఉంది” అన్నాను.

ఇందులో ఒక్క అబద్ధం లేదు, చూడండి. నేను అన్నేళ్ళలో రాసిన చీటీలన్నిటికంటే ఇది కచ్చితంగా ఉంది. దీన్ని విన్నవాళ్ళెవరైనా పద్మ తప్పు చదివిందనే అనుకుంటారు. అలా అనుకోవాలనే అన్నాను.

నిజం బయటపడితే ఆఫీసులో ఉన్న మనవాళ్ళందరి ఉచ్చారణకీ పరీక్షలు పెడతారు, పదిమంది మేలు కోసం ఊరుకున్నాను అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదేం కాదు. ‘మా ఉచ్చారణ తక్కువనా’ అని అరిచిన గదిలోనే తల దించుకోవడం నాకు చేతకాలేదు. మిసెస్ చియాకి అనుమానం రాలేదని కూడా అనుకోను. కానీ నియమం సడలించింది ఆవిడ, రెండో చదువు మానిపించడానికి ఒప్పుకుంది ఆవిడ. నా జవాబు ఆవిడకీ సుఖంగానే ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేం మా పిడికెళ్ళు రెండూ పద్మ దోసిట్లో పోశాం.

హాకర్ సెంటర్

మర్నాడు మధ్యాహ్నం పద్మా నేనూ కింద కూర్చున్నాం. తప్పు తనదేనని ఆమెకి అప్పటికే చెప్పేశారు. అన్నం కెలుకుతోంది.

“నా కళ్ళేనక్కా” అంది. “డబుల్యూ చూసి వి చదివేసుంటాను. ఆ వారం సింధుకి జ్వరం, నాకు నిద్దర్లేదు. అప్పుడే అయ్యుంటది.”

లేని తప్పుకి కారణం కూడా తనే వెతుక్కుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, “పోన్లేవే, అందరికీ జరుగుతాయి” అన్నాను. నా జీవితంలో నేను అన్న మాటల్లో ఏదైనా వెనక్కి తీసుకోవచ్చంటే, గదిలో అన్నది కాదు, ఇది తీసుకుంటాను.

రెండు నెలల తరవాత ఆమె వీసా గడువు అయిపోయింది. ఆఫీసు పొడిగించలేదు. ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. సెకండరీ త్రీలో, అంటే మన తొమ్మిదో తరగతిలో ఉన్న సింధు దారి పొడుగునా, “వై మస్ట్ వి లీవ్? ఐ డోంట్ వాంట్ లా, అమ్మా” అంటూనే ఉంది. ఆ పిల్ల ఇక్కడ పెరిగింది. దాని నోట్లో రెండు శబ్దాలూ దేనికది స్పష్టంగా పలికాయి. లోపలికి వెళ్ళేటప్పుడు పద్మ నన్ను కౌగిలించుకుంది గానీ, ఫుల్‌స్టాప్, పేరా అనలేదు.

ఆ సంపుటం అయిపోయినప్పుడే నన్ను మళ్ళీ సల్మా బల్లకి మార్చారు. సల్మా నన్ను ఏమీ అడగలేదు. అన్నేళ్ళు ‘వి ఆర్ డబుల్యూ’ అని అడిగిన మనిషి, జరిగింది విన్నాక ఏమీ అడగకపోవడంతోనే ఆమెకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి అనుమానం ఉన్నా లేకపోయినా ప్రతి ‘వ’ మాటకీ స్పెల్లింగ్ చెప్పి చదివాను. పదిహేనేళ్ళు అలాగే చదివాను. మలి ముద్రణలో ఆ మాట దిద్దారు, పీఠికలోంచి పొగమంచు తీసేశారు. దిద్దినందుకు ప్రొఫెసర్ మా ఆఫీసుకి కృతజ్ఞతలు కూడా రాశాడు.

ఇక్కడిదాకా రాశాక

ఇక్కడిదాకా రాసి నాలుగు రోజులు పక్కన పెట్టాను. హర్షిత కోసం రాస్తున్నానని మొదలుపెట్టాను గానీ, ముందు చదవాల్సిన మనిషి ఆమె కాదు. పద్మ నెంబరు నా దగ్గర ఎప్పుడూ ఉంది. ఉగాదికి ఒకరికొకరం పచ్చడి ఫోటోలు పంపుకుంటాం. నిన్న పొద్దున్న చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్ వంటింట్లో నిలబడి ఫోన్ చేశాను.

ఆమె అక్కడ పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతుంది. మోకాళ్ళ నొప్పులూ, సింధు కాపురమూ, రాజమండ్రి ఎండలూ అన్నీ అయ్యాయి. మధ్యలో తనే అంది, “హైదరాబాదులో ఒకాయన ప్రూఫులు చూసిపెట్టమని ఎన్నిసార్లడిగేడో అక్కా. నేను ఒప్పుకోలేదు. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. కరెంటు బిల్లయినా రెండుసార్లు చదువుతాను.”

“పద్మా, నీకు ఆ వెయిల్ సంగతి చెప్పాలి” అన్నాను.

“ఏ వెయిల్?” అంది.

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మా ఇద్దరి మధ్యా ఆ మాటకి ఇప్పటికీ స్పెల్లింగ్ కావాలి.

“డబుల్యూ, ఏ, ఐ, ఎల్” అన్నాను. “నువ్వు అదే చూశావు, అదే చదివావు. నీ కళ్ళ తప్పేం లేదు. మన నోట్లో రెండూ ఒకటే, నా చెవికీ రెండూ ఒకటే. మిసెస్ చియా గదిలో ఉండగానే నాకు అర్థమైంది. నేను చెప్పలేదు.”

అవతల కుక్కర్ ఒక కూత వేసింది. ఆమె వెళ్ళి స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

“గదిలోనే తెలిసిందా?”

“గదిలోనే.”

“అంటే మర్నాడు కింద కూచుని, నా చెయ్యట్టుకుని, అందరికీ జరుగుతాయన్నప్పుడు నీకు తెల్సు.”

“తెలుసు.”

తరవాత నాతో కాకుండా తనలో తను అనుకుంటున్నట్టు, “అయితే నేను సరిగ్గానే చదివేనన్నమాట” అంది.

“సరిగ్గానే చదివావు.”

“ఇంకోసారి చెప్పు.”

చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఈలోపు ఆమె, ఇన్నేళ్ళుగా నేను వినని ఆ చదివే గొంతుతో, “ఫుల్‌స్టాప్” అంది.

పేరా అంటుందేమోనని ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. ఆమె పెట్టేసింది.